డీజిల్ కాపలా

మా పెళ్ళి అయింది ఎండాకాలంలోనే గానీ, నా కాపురం మొదలైంది మాత్రం శ్రావణ మాసంలో, బత్తాయిల బండిలో. ఈ మాట అన్నప్పుడల్లా మా పిల్లలు పడి పడి నవ్వుతారు. నవ్వనీ. పికప్పు బండి ముందు సీటు ఎంత పెద్ద ఇల్లో వాళ్ళకేం తెలుసు.

తెలంగాణ వచ్చిన మూడో ఏడు అది. మాది పాలమూరు వైపు కొల్లాపూర్. కృష్ణ దగ్గరి ఊరు, మామిడిపండ్ల ఊరు. నన్ను ఇచ్చింది నల్లగొండ దిక్కు కట్టంగూర్ దగ్గర బత్తాయి తోటల ఇంటికి. పెళ్ళయ్యాక అత్తగారింట్లో కుదురుకున్నానో లేదో ఆషాఢం వచ్చింది. అత్తాకోడళ్ళు ఒక్క గడప దాటకూడదని పుట్టింటికి పంపారు. శ్రావణం రాగానే మళ్ళీ తీసుకొచ్చారు. అప్పటికి బత్తాయి కోతలు మొదలయ్యాయి. ఇల్లంతా పండ్ల వాసన, ప్లాస్టిక్ ట్రేల చప్పుడు.

ఇల్లు చిన్నది, మనుషులు ఎక్కువ. మా మామ సైదులు, అత్తమ్మ సుగుణమ్మ, మా బావ మల్లికార్జున్, ఆయన భార్య పుష్ప, వాళ్ళ పిల్లలు. పుష్పక్క నాకు యారాలు, అంటే తోడికోడలు. మాకు ఇచ్చిన గదిలో సగం జాగా ట్రేలదే. వాటి కోసం ఎవరు ఎప్పుడు తలుపు తోసుకుని వస్తారో తెలియదు. మా ఆయన విజేందర్ చీకటితోనే బండి తీసుకుని పోయేవాడు. సాయంత్రం వచ్చి, తిని, పడుకునేవాడు. పెద్దవాళ్ళ ముందు మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు. వచ్చిన కొత్తలో ఆయన నాతో అన్న మాటలు వెతికితే ఓ నాలుగు దొరుకుతాయి. అందులో మూడు "నీళ్ళియ్యి" అనేవే.

ఆ ఇంట్లో అందరూ ఎప్పుడూ మాట్లాడే మాట ఒకటుండేది. "ఎంత ఇస్తాంది?" గడపలోకి ఎవరొచ్చినా మామ మొదట అడిగేది అదే. వచ్చినవాళ్ళు లోడుతో పన్నెండనో, ఖాళీగా పదిహేననో చెప్పేవారు. మామ పెదవి విరిచి, మాది పద్నాలుగు అనేవాడు. నేనేమో ఇదంతా బర్రె పాల సంగతి అనుకున్నాను. పూటకు పద్నాలుగు లీటర్లిచ్చే బర్రె ఎక్కడుందా అని కొట్టంలోకి తొంగి చూశాను కూడా. చివరికి ఉండబట్టలేక, లోడుతో పాలివ్వడమంటే ఏమిటక్కా అని పుష్పక్కను అడిగాను. ఆమె చేతిలో చేట కింద పడేసి, కడుపు పట్టుకుని నవ్వి, ఊళ్ళో సగం మందికి చెప్పింది. అది పాలు కాదు, పికప్పు మైలేజీ. లీటరు డీజిల్‌కు బండి ఎన్ని కిలోమీటర్లు పోతుందనేది.

మా ఇంటికి రెండు పికప్పులు. మా తోట పండ్లూ, చుట్టుపక్కల తోటల పండ్లూ కిరాయికి ఎక్కించుకుని హైదరాబాదు కొత్తపేట మార్కెట్‌కు వేసేవారు. ఇప్పుడా మార్కెట్ అక్కడ లేదు, బాటసింగారం పోయింది. బావ నడిపేది పాత బండి. మా ఆయన నడిపేది వేరే కంపెనీ కొత్త బండి. నన్ను ఒక్కసారి చూసి ఖాయం చేసుకుపోయిన మామ, ఆ ఇంజనును మాత్రం అంత తేలిగ్గా ఖాయం చేసుకోలేదు. నార్కట్‌పల్లి హోటళ్ళ ముందు, పంతంగి టోల్‌గేటు లైన్లో, డీజిల్ బంకుల్లో కనబడిన ప్రతి డ్రైవర్‌నూ ఆపి అడిగాడట. కంపెనీవాళ్ళు చెప్పే మైలేజీ ఆయన నమ్మడు. అది ఖాళీ బండికి, నున్నటి రోడ్డుకు, తొందర లేని డ్రైవర్‌కు వచ్చే లెక్క. మాకు ఆ మూడింట్లో ఒక్కటీ లేదు. తోటల గతుకుల్లో, నిండు లోడుతో, పట్నం ట్రాఫిక్‌లో ఏ ఇంజను ఎంతిస్తుందో మనుషుల నోట విని, తూకం వేసి, ఆ బండి తెచ్చాడు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరు పికప్పు కొనాలన్నా ముందు మామను అడగాల్సిందే. ఆయనకు అదొక గొప్ప.

అలాంటి బండి ఆయన పరువు తీసింది. ఎండాకాలమంతా పద్నాలుగుకు తగ్గనిది, వానలు పడ్డాక పన్నెండు దగ్గరికి దిగిపోయింది. బావ పాత బండేమో పద్నాలుగు మీద అట్లాగే నిలబడింది. మామకు నిద్ర పట్టలేదు. ఎయిర్ ఫిల్టర్ మార్పించాడు, ఆయిల్ మార్పించాడు. వాగు దాటేటప్పుడు అడుగు తగులుతోందని తానే దగ్గరుండి వేయించిన పెద్ద టైర్లను రోజూ కాలితో నొక్కి గాలి చూసేవాడు. ఏం చేసినా పన్నెండు పన్నెండే.

ఇంజను మంచిది. అందులో మామకు అనుమానం లేదు, తాను ఏరి తెచ్చింది కదా. మరి తప్పు ఎక్కడుంది? డ్రైవర్ల లోకంలో ఈ ప్రశ్నకు ఒకటే జవాబు. దారిలో ఎక్కడో బండి ఆపి, డబ్బాలోకి డీజిల్ తీసి అమ్ముకుంటున్నాడని. కన్నకొడుకు కాబట్టి ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అత్తమ్మ మాత్రం కొడుకు విప్పిన అంగీని వాసన చూసి నీళ్ళలో వేసేది. పెళ్ళయ్యాక ఖర్చులుంటాయి కదా అని పుష్పక్క గోడకు చెప్పినట్టు చెప్పేది. కొత్త కోడలు అడుగుపెట్టాకే మైలేజీ పడిపోయిందని పక్కింట్లో అన్నారట. ఆ విధంగా నేను కూడా లెక్కలోకి వచ్చేశాను.

ఒక సాయంత్రం మామ ఒక ఉపాయం పన్నాడు. మార్కెట్లో ట్రేలు తక్కువ వస్తున్నాయి, లెక్కపెట్టడానికి ఇంటి మనిషి ఒకరు బండితో పోవాలి, చిన్న కోడలు పోతుంది అని అందరి ముందూ చెప్పాడు. కొత్త పిల్లను మగవాళ్ళ మార్కెట్‌కు పంపడమేమిటని అత్తమ్మ గొణిగినా వినలేదు. తర్వాత నన్ను కొట్టం దగ్గరికి పిలిచి అసలు సంగతి చెప్పాడు.

"నువ్వు అబద్ధమాడే పిల్లవు గాదని మీ నాయిన జెప్పిండు బిడ్డా. ట్యాంకు మూత దిక్కు జర కన్నేసి ఉంచు. బండి ఏడ ఆగితె ఆడ దిగు. ఎంత పోసిండ్రు, ఎంత తిరిగింది, మాపటికి నాకు జెప్పు."

తల ఊపాను. సొంత మొగుడి మీద కాపలాకు పోతున్నానని సిగ్గేసింది. ఆ ఇరుకింట్లోంచి పొద్దంతా బయటికి పోతున్నానని సంతోషమూ వేసింది. రెండూ నిజమే.

మర్నాడు తెల్లవారుజామున బండెక్కాను. మా ఇద్దరి మధ్య గేరు రాడ్డు, దాని మీద ఆయన చెయ్యి. నార్కట్‌పల్లి దాటినా మాటా పలుకూ లేదు. చిట్యాలలో ఒక హోటల్ ముందు ఆపి, ఇంజను బంద్ చేసి, రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"దిగు. ముందుగాల మూత సూడు. ఛాయ్ తర్వాత తాగుదాం."

నాకు తల కొట్టేసినట్టయింది. "నేను ట్రేలు లెక్కవెట్టనీకి వచ్చిన" అన్నాను.

"ఎన్నున్నయ్ ఎన్కల?"

వాటి వైపు ఒక్కసారైనా చూసి ఉంటే కదా. ఆయన నవ్వాడు. పెళ్ళి ఫోటోల్లో కూడా లేని నవ్వు అది, అప్పుడే మొదటిసారి చూశాను. పాలమూరోళ్ళు తిననీకి, పండనీకి అంటూ అన్నిటికీ ఒక 'నీకి' తగిలిస్తారని నన్ను ఏడిపించాడు. నేను మాత్రం ఊరుకుంటానా. నల్లగొండోళ్ళు బర్రెకూ బండికీ ఒకటే మాట వాడతారు, మీకేం తెలుసు మాటలని అన్నాను. బర్రె సంగతి ఆయనకు ముందే తెలుసట. అది విన్న రోజు తోటలో ఒక్కడే కూర్చుని నవ్వుకున్నానని చెప్పాడు. మేం తాగేసరికి ఛాయ్ చల్లారిపోయింది.

ఆ కోతల కాలం తల్చుకుంటే ఇప్పటికీ నా వేళ్ళకు బత్తాయి తొక్క వాసన వస్తుంది. ఆయన స్టీరింగు వదలకుండా నోరు తెరిచేవాడు, నేను తొనలు ఒలిచి నోట్లో పెట్టేదాన్ని. గింజలు తీసి పెట్టాలని ఆయనకు ఒక గారం. పొద్దు పొడిచే వేళకు చౌటుప్పల్ దాటేవాళ్ళం. రోడ్డుకు రెండు పక్కలా ప్లాట్ల జెండాలు, ఫ్యాక్టరీల బస్సుల కోసం నిలబడ్డ ఆడవాళ్ళు, మగవాళ్ళు. వాళ్ళందరికంటే మేమే గొప్పవాళ్ళమని నాకు అనిపించేది. ఎందుకో అడిగితే చెప్పలేను. కొత్తపేటలో బత్తాయిలు గుట్టలు గుట్టలుగా పోసి వేలం పాట పాడుతుంటే, బోర్లించిన ట్రే మీద కూర్చుని ఇడ్లీలు తింటూ ఆ గోలంతా వినేదాన్ని. అక్కడి హమాలీలు నాకు లెక్కల వదిన అని పేరు పెట్టారు. లెక్క మాత్రం ఒక్కనాడూ సరిగా రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు వెనక ఖాళీ ట్రేలు గలగలలాడుతుంటే ఆయన నాకు ఇంజను చప్పుడు వినడం నేర్పేవాడు. ఇదిగో ఇప్పుడు అడుగుతోంది, ఇప్పుడు గేరు మార్చాలి, అడగకుండా తొక్కితే డీజిల్ మింగుతుంది అనేవాడు. నేను కళ్ళు మూసుకుని విని, ఇప్పుడు అనేదాన్ని. సగం సార్లు సరిపోయేది. అంత మెత్తగా బండి నడిపే మనిషిని నేను అప్పటికీ ఇప్పటికీ చూడలేదు. వింటూ వింటూ నిద్రపోయేదాన్ని కూడా. మధ్యాహ్నపు ఎండ, నిండిన కడుపు, కొత్తగా కుదిరిన మనసు. నిద్ర రాక ఏం చేస్తుంది.

ఒకరోజు మల్కాపురం దగ్గర ముందు ఏమీ కనబడనంత వాన. బండి పక్కకు ఆపి అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాం. అప్పుడు ఆయన తన మనసులోదంతా చెప్పాడు. ఇంటర్‌లో ఒక్క సబ్జెక్టు పోయాక చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు చేశాడట. ముక్కుకు గుడ్డ, కిటికీల్లేని షెడ్డు, పొద్దు ఎక్కడుందో తెలియని డ్యూటీలు. ఒకనాడు గేటు దాటి బయటికొచ్చి, ఇంక లోపలికి పోలేక నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాడట. ఈ బండి లేకపోతే తానేం అవుతాడో తనకే తెలియదన్నాడు. అద్దం మీద వేలితో గీతలు గీస్తూ చెప్పాడు. నేను ఆ చేతిని పట్టుకున్నాను. పట్టుకుని, వాన వెలిసేదాకా వదల్లేదు.

రోజూ సాయంత్రం మామ ముందు నిలబడి ఎంత పోశారో, మీటరు ఎంత తిరిగిందో చెప్పేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, చివరికి పన్నెండు అనేవాడు. అనేటప్పుడు పెద్దాయన మొహం వాడిపోయేది. మూత ఎవరూ ముట్టలేదు మామా అంటే మొదట్లో నమ్మాడు. రాను రాను నా మొహం వైపు చూడ్డం మానేశాడు. కాపలా పోయినామె మొగుడితో ఒకటైపోయింది, ఇంక ఏం దొరుకుతుందని పుష్పక్క అన్న మాట నా దాకా వచ్చింది. నేను మొగుడితో ఒకటైపోవడం నిజమే. దానికి నేరం చేసినదానిలా తలదించుకోవాల్సి వచ్చింది.

బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా ఒకనాడు అన్నాల దగ్గర మామ తన నిర్ణయం చెప్పాడు. దసరా కాగానే కొత్త బండి అమ్మేయడం. విజేందర్ చౌటుప్పల్ ఫ్యాక్టరీలో చేరడం. అక్కడ తెలిసినాయనతో మాట్లాడి వచ్చాడట. తాను ఏరి తెచ్చిన బండిని అమ్ముతానని చెప్పడానికి ఆ మనిషికి ఎంత కష్టమైందో గొంతులో తెలిసింది. నాకు ఆ షెడ్డూ, ఆ కిటికీల్లేని గోడలూ కళ్ళ ముందుకొచ్చాయి. మా ఆయన మాత్రం మంచిది అని చారు పోసుకున్నాడు.

తెల్లారి బండిలో కూర్చోగానే అడిగేశాను. ఆయన్ని నువ్వు అని పిలిచింది కూడా అదే మొదలు.

"నువ్వు డీజిల్ అమ్ముతున్నవా?"

"లేదు."

"మరి నోరెందుకు మూసుకున్నవ్? మల్ల ఆ ఫ్యాక్టరీల పడ్తవా?"

"దసరా దాక ఉన్నది గద. ఊకో."

దసరా దాకా ఏముందో నాకు అంతుబట్టలేదు. ఎంత అడిగినా ఇంకో మాట చెప్పలేదు. నేను నిద్రపోయిన మధ్యాహ్నాలన్నీ అప్పుడు గుర్తుకొచ్చాయి. ఛీ అనుకున్నాను. అనుకున్నా సరే, ఆ రోజు రానూ పోనూ దారంతా నేను కళ్ళు మూయలేదు. ఆయన అది గమనించాడు.

ఆ సాయంత్రం మీటరు సంగతి చెప్పడానికి మామ ముందు నిలబడినప్పుడు, చెప్పాల్సింది చెప్పి కదలకుండా నిలబడ్డాను. పెద్దవాళ్ళ మధ్య నేను నోరు విప్పడం అదే మొదటిసారి.

"మామా, రెండు బండ్లను ఒక్కనాడే పోనీ. ఒకటే బంకుల నింపి, ఒకటే లోడు ఎక్కించి. నువ్వు మా బండ్ల కూసో. దొంగ ఎవలో, ఏందో తేలిపోతది."

అన్నిరోజులూ ఎవరూ అనని మాట నా నోటి నుంచి వచ్చేసరికి అత్తమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. మంచి మాటే చెప్పింది బాపూ, అట్లాగే చేద్దామని బావ అన్నాడు. బావ మొదటి నుంచీ మంచిమనిషి, తమ్ముడి మీద నింద ఆయనకూ బరువుగానే ఉండింది. మా ఆయన మాత్రం మామ వెనక నిలబడి, వద్దని నాకు తల అడ్డంగా ఊపాడు. నాకు ఇంకా మొండితనం వచ్చింది.

చెప్పిన రోజున రెండు బండ్లకూ సమానంగా ట్రేలు ఎక్కించి, కట్టంగూర్ దగ్గర రోడ్డు మీది బంకుకు తోలుకొచ్చారు. మామ రెండు ట్యాంకులూ గొంతు దాకా నింపించాడు. లోపల గాలి ఉండిపోకూడదని అన్నదమ్ములు చెరోపక్క నిలబడి బండిని ఊపారు, ఊపాక ఇంకింత పట్టింది. పోసే అతను ఇక చాలన్నా మామ చాలనలేదు. తర్వాత క్యాబిన్‌లో మా ఇద్దరి మధ్య వచ్చి కూర్చున్నాడు. గేరు మార్చిన ప్రతిసారీ మా ఆయన చెయ్యి మామ మోకాలికి తగులుతుంటే, నాకు ఎక్కడ చూడాలో తెలియక రోడ్డు చూస్తూ కూర్చున్నాను. ముందు బావ, వెనక మేము. వాళ్ళు ఆగినచోట ఆగాం, వాళ్ళు కదిలాక కదిలాం. కొత్తపేటలో దించుకుని, అదే వరసలో తిరిగొచ్చి, అదే బంకులో మళ్ళీ నింపించాం.

మా బండిలో బావ బండి కంటే కొంచెం తక్కువే పట్టింది. మామ మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. కొడుకు భుజం మీద చెయ్యి కూడా వేశాడు. ఆ తర్వాత తల లోపలికి పెట్టి మీటరు చూశాడు. పెదవులు కదిలాయి. వేసిన చెయ్యి తీసేశాడు. మళ్ళీ పన్నెండే అన్నాడు. తాగడం తక్కువే తాగింది గానీ, తిరగడం కూడా తక్కువే తిరిగిందన్నాడు. ఇంజను మీద నమ్మకం కూడా పోయినట్టుంది, అక్కడే బంకు గట్టు మీద కూర్చుండిపోయాడు.

రెండు బండ్లూ పొద్దున్నుంచి ఎంతెంత తిరిగాయో నేను మీటర్లలో చూసి వచ్చాను. ఏదో తిరకాసు ఉంది. ఏమిటో ఒక నిమిషం దాకా తట్టలేదు. తట్టాక నాకే నవ్వొచ్చింది.

"మామా, మనం అడ్డతొవ్వ ఏడ పట్టినం?"

"ఏం తొవ్వ?"

"బావ ఎన్క ఎన్కనే పోయి, ఎన్క ఎన్కనే వచ్చినం గద. ఆయనకు ఎక్కువ తిరిగి, మనకు తక్కువ ఎట్ల తిరిగింది?"

బావ వంగి మా మీటరు చూశాడు, తన బండి దగ్గరికి పోయి అదీ చూశాడు, మళ్ళీ మా దగ్గరికి వచ్చాడు. మామ లేచాడు. ఇంటికి పోనివ్వకుండా బండ్లను నేరుగా రోడ్డు పక్కన ఇస్రాయేలు టైర్ల దుకాణం ముందు ఆపించాడు. మా బండి మీటరు చెడిపోయిందా, ఏం సంగతని అడిగాడు. ఇస్రాయేలు ఒక ట్యూబుకు అతుకు వేస్తున్నాడు, తల కూడా ఎత్తలేదు.

"మీటరు మంచిగనే ఉన్నది పెద్దయ్యా. దానికి టైరు సుట్లే ఎరుక, దూరం ఎరుకలేదు. నువ్వు పెద్ద టైర్లు ఏపిస్తివి. ఒక్క సుట్టుకు ఎక్కువ దూరం పోతది, సుట్లు తగ్గుతయ్, మీటరు తక్కువ సూపిస్తది. ఏసిన నాడే విజేందర్‌కు జెప్పిన గద."

మామ కొడుకు వైపు తిరిగాడు. "నీకు ఎరుకేనా?"

"ఎరుకనే."

"ఎరుకుండి గిన్నొద్దులు…" అని మామ ఆగిపోయాడు. ఆయన చూపు కొడుకు మీది నుంచి నా మీదికి వచ్చింది, నా మీది నుంచి బండి క్యాబిన్ మీదికి పోయింది. భుజం మీది తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. మీటరు సరిచేయించాలా అని బావ అడిగితే, తర్వాత చూద్దాంలే అన్నాడు.

ఇంటికి వచ్చాక అందరూ వినేలా, ఇంజనూ మంచిదే, పిల్లగాడూ మంచోడే అని అత్తమ్మతో చెప్పాడు. కొలత తప్పు, ఆ తప్పు తనదే అని కూడా అన్నాడు. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, వెంటనే కోడిని కోయించింది. పుష్పక్క నాకు పెద్ద ముక్కలు వేసింది. ఆమె క్షమాపణలు అట్లాగే ఉంటాయి.

ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే నేను చెంబుతో నీళ్ళు పోస్తూ నిలబడ్డాను. తెలిసి ఎందుకు చెప్పలేదని అడిగాను. దొంగ అని అనిపించుకున్నావు, బండి పోయేదాకా తెచ్చుకున్నావు, నేనే నిన్ను అనుమానించాల్సి వచ్చిందని కోప్పడ్డాను. ఆయన కాలి మీద మట్టిని రుద్దుకుంటూనే చెప్పాడు.

"బాపు నన్ను అట్ల అనుకున్నడని మొదాలు కోపమొచ్చి చెప్పలే. తర్వాత నువ్వు బండెక్కినవ్. ఇగ చెప్ప బుద్ధి గాలే. చెప్పిన తెల్లారి నుంచి నువ్వు రావు గద. దసరాకు కోతలైపోతయ్, గప్పుడు చెప్తమనుకున్న."

నాకు చెంబు ఆయన నెత్తిన కొట్టాలనిపించింది. అంతలోనే ఏడుపొచ్చింది. ఇల్లంతా దొంగను చూసినట్టు చూస్తుంటే, నన్ను పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఆ పేరు మోసుకుని తిరిగాడు ఈ మనిషి. నేనేమో పట్టుబట్టి ఆయన పేరు నిలబెట్టి, నా సీటు నేనే పోగొట్టుకున్నాను. ఇంక కాపలా ఎవరి మీద? ట్రేల లెక్క అబద్ధమని ఇంట్లో అందరికీ తెలుసు. కొత్త కోడలు ఊరికే మొగుడి పక్కన కూర్చుని పట్నం పోయి రావడం ఆ ఇంటా వంటా లేదు.

మర్నాడు తెల్లవారుజామున లేచి పొయ్యి ముట్టించాను. బయట బండి స్టార్టయింది. రోజూ ఆ చప్పుడు తోట మలుపు దాకా పోయి సన్నబడిపోతుంది. ఆ రోజు పోలేదు. బండి కదలకుండా వాకిట్లోనే ఇంజను తిరుగుతూ ఉంది. అత్తమ్మ బావ వైపు చూసింది, బావ ఇంటి కప్పు వైపు చూశాడు. పుష్పక్క నా పక్కన ఉల్లిగడ్డలు కోస్తూ కోస్తూ ఆగిపోయింది. నేను తల ఎత్తకుండా పుల్లలు ఎగదోస్తూ కూర్చున్నాను. అరుగు మీద మామ ఛాయ్ తాగుతున్నాడు. నిలబడ్డ బండి ఇంజను ఊరికే తిరిగితే తన ఒంట్లో నెత్తురే కాలిపోతున్నట్టు లేచి అరిచే మనిషి. ఆ పొద్దు గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఏమీ అనలేదు. తాగి, గ్లాసు కింద పెట్టి, వెనక్కి తిరగకుండానే నన్ను పేరు పెట్టి పిలిచాడు.

"శ్రీదేవీ, గాడ డీజిల్ ఊకెనే కాలిపోతాంది. ఇంకెంతసేపు నిలవెడ్తవ్ బిడ్డా పిలగాణ్ణి? పో, జల్ది ఎక్కు."

నేను చెప్పులు కూడా వేసుకోలేదు.